కామాగారి బాంబులాట

మంగళవారం మధ్యాహ్నం భోజనాల గంటలో కామాగారు నాలుగోసారి పేలిపోయింది.

తెర మీద పది నల్లటి బాంబులు ఒక్కసారిగా బయటపడ్డాయి. పైనున్న పసుప్పచ్చ గుండ్రటి మొహం కళ్లు తేలేసింది. నిజంగానే ఏదో చురుక్కుమన్నట్టు కామాగారు చేతిని వెనక్కి లాక్కుంది.

"ఏం కాలేదమ్మా. ఆ మొహం మీద నొక్కండి, మళ్లీ మొదలవుతుంది" అంది పక్కన నిలబడ్డ ఆపరేటరు.

"ఇలా ఎన్నిసార్లు మొదలుపెట్టుకోవచ్చు?"

"ఎన్నిసార్లయినా."

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో కామాగారికి ఇంతటి వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ కోర్టులో నకళ్ల విభాగం టైపిస్టు. తీర్పులకి నకళ్లు కొట్టి, అసలుతో అక్షరం అక్షరం పోల్చి, అడుగున సంతకం పెట్టి ఇవ్వడం పని. ఒక్క అక్షరం తప్పితే కార్బన్లతో సహా కాగితాలు చించి మళ్లీ కొట్టాల్సిందే. ఎప్పుడో ఒక తీర్పులో కామా ఉండకూడని చోట ఉందని పట్టుకుని, జడ్జిగారి గది ముందు గంటన్నర నిలబడి మరీ దిద్దించుకొచ్చింది. అప్పట్నుంచి ఆఫీసులో ఆవిడకి అదే పేరు. పెట్టింది వెక్కిరింతకే అయినా పోనుపోను దానికి "గారు" కూడా వచ్చి అతుక్కుంది.

ఇప్పుడు టైపు మిషన్లు తీసేస్తున్నారు. వచ్చే సోమవారం పై ఆఫీసు నుంచి అధికారి వచ్చి, విభాగంలోని అయిదుగురు టైపిస్టులకీ కంప్యూటరు మీద పరీక్ష పెడతాడు. తప్పినవాళ్లు కింద రికార్డు గదికి వెళ్లాలి. ఆ గదికి కిటికీల్లేవు. యాభై ఏళ్ల కట్టలు, వాటి మీద యాభై ఏళ్ల దుమ్ము. ఏదో ఒక పాత ఫైలు కోసం పది నిమిషాలు కిందికి దిగొస్తే చాలు, కామాగారికి ఆ సాయంత్రమంతా పిల్లికూతలే. సంచిలోంచి మందు గొట్టం తీసి రెండుసార్లు పీలిస్తే గానీ ఊపిరి దారికి రాదు. ఇక అక్కడే కూర్చోవడమంటే ఎలా ఉంటుందో ఆవిడ ఊహించదలుచుకోలేదు గానీ, బస్సులో కూర్చున్నా, గిన్నెలు తోముతున్నా ఊహ దానంతటదే వచ్చేస్తోంది.

మీటలతో పేచీ లేదు. పదివేళ్లూ వాటి చోట్లు అవే వెతుక్కున్నాయి. వచ్చిన చిక్కల్లా మౌసుతోనే. బాణం గుర్తు ఒక చోటికి పొమ్మంటే ఒక చోటికి పోయేది. ఎడమ మీట నొక్కాల్సినచోట కుడిది నొక్కి, రెండుసార్లు నొక్కాల్సినచోట వణుకులో మూడుసార్లు నొక్కేది. మిగతా నలుగురూ ఎలాగో గట్టెక్కారు. ఆవిడొక్కతే మిగిలింది. అది చూసి చూసి ఆపరేటరు ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఈ ఆట తెరిచింది.

ఆపరేటరుకి ముప్ఫై రెండో ముప్ఫై మూడో ఉంటాయి. ఆర్నెల్ల కింద కాంట్రాక్టు మీద వచ్చింది. హాజరు పట్టీలో ఆమె పేరు లేదు, విడి కాగితం మీద సంతకం పెట్టేది. పొద్దుట్నుంచీ సూపరింటెండెంటు తన నివేదికలన్నీ ఆమె చేతే చేయించుకునేవాడు. టైపిస్టులకి నేర్పడానికి మిగిలేది ఈ భోజనాల గంటే. కాబట్టి ఆమె తిన్నది ఎప్పుడో, అసలు తిన్నదో లేదో ఎవరూ చూడలేదు.

"చూడండమ్మా, అరవై నాలుగు గళ్లు. పదింటి కింద బాంబులున్నాయి. ఎడమ మీటతో గడి తెరవాలి. అంకె వస్తే, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో అన్ని బాంబులున్నట్టు. బాంబు ఉందని తేలినచోట కుడి మీటతో జెండా పాతండి."

"తేలేదెలా?"

"అంకె చెబుతుంది. అంకె అబద్ధం చెప్పదు. మనమే తొందరపడతాం."

వెనక బల్ల దగ్గర్నుంచి నవ్వు వినిపించింది. విభాగంలో అందరికన్నా వేగంగా కొట్టే టైపిస్టు అతను. అందరూ మెరుపు అంటారు. కామాగారు రెండు పేజీలు పోల్చేలోపు ఏడు పేజీలు కొట్టి, వాటిలో మూడు తప్పులు వదిలేసే మనిషి. ఆ తప్పులు పట్టి ఇచ్చేది కామాగారే. ఇద్దరికీ పదిహేనేళ్లుగా ఉప్పూ నిప్పూ.

"సోమవారం పరీక్షలో బాంబులు పెడతారా ఏమిటి కామాగారూ" అన్నాడు.

కామాగారు మొహం గుర్తు మీద నొక్కింది. అదయినా సరిగ్గా నొక్కగలిగింది.

బుధవారం ఇంట్లోంచి బయల్దేరబోతుంటే భర్త ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వాచీలు బాగుచేస్తాడు. వీధి మొగలో, మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలేంత కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరలు పట్టకారుతో ఎత్తే చెయ్యి అది.

"గాల్లో పెట్టి కదిపితే ఏ చెయ్యయినా వణుకుతుందోయ్. మణికట్టు బల్లకి ఆనించు. వేళ్లతోనే పని. ఊపిరి వదిలేప్పుడు నొక్కు, పీల్చేప్పుడు కాదు."

"నా ఊపిరి సంగతి మీకు తెలియందేముంది."

"తెలుసు గనకే చెబుతున్నా."

ఆ మధ్యాహ్నం కామాగారు మణికట్టు ఆనించింది. ఊపిరి వదిలి నొక్కింది. మూలన ఒక గడి తెరిస్తే చుట్టూ ఖాళీలన్నీ పేక పరిచినట్టు పరుచుకుపోయాయి. వాటి అంచున ఒకటి, రెండు, ఒకటి అని మూడంకెలు వరసగా నిలబడ్డాయి. వాటి పైవరస మూసి ఉంది. ఆవిడ మౌసు వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తీర్పు కాగితం చదివినట్టు ఆ మూడంకెలనీ చదివింది. చాలాసేపు చదివింది.

"రెండు మీద నేరుగా ఉన్న గడిలో బాంబు లేదు" అంది చివరికి.

ఆపరేటరు వంగి చూసింది. "ఎలా చెప్పగలిగారు?"

"ఉందనుకో. అప్పుడీ రెండుకి ఇంకొకటి కావాలి, అటో ఇటో. ఎటు పెట్టినా ఆ పక్క ఒకటికి రెండు బాంబులైపోతాయి. అది కుదరదు కదా. కాబట్టి మధ్యలో లేదు, ఒకట్ల మీద ఉన్నాయి."

తనే కుడి మీట నొక్కి రెండు ఎర్ర జెండాలు పాతి, మధ్య గడి తెరిచింది. పేలలేదు. అక్కడినుంచి ఆ ఆట చివరిదాకా ఆవిడ చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. పైనున్న మొహం నల్లకళ్లద్దాలు పెట్టుకుని నవ్వింది. ఆపరేటరు కూడా నవ్వింది.

"నేర్చుకోవడానికి నాకు వారం పట్టిందమ్మా ఈ కిటుకు. ఎవరో చెబితే."

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు తలుపు తెరిచాడు. తెర మీద జెండాలు చూశాడు. గొంతు పెంచడం ఆయనకి అలవాటు లేదు, నెమ్మదిగానే అన్నాడు.

"ఆఫీసు కరెంటుతో ఆటలాడుకుంటున్నారన్నమాట. రేపు నా గదికి ఒకసారి రండి మీరు."

ఆ "రేపు" కామాగారిని రాత్రి భోజనం చెయ్యనివ్వలేదు.

గురువారం వెళితే ఆటమాటే ఎత్తలేదాయన. చేత్తో రాసిన ఒక కాగితం ముందుకి తోశాడు.

"ఇది పై ఆఫీసుకి వెళ్లాలి. నాలుగు కాపీలు. మిషను మీదే కొట్టండి, కంప్యూటరు వద్దు. మీ చేతికిచ్చానంటే నోటికి తాళం వేసినట్టేనని నాకు తెలుసు."

మూలకి నెట్టేసిన తన మిషను మీది గుడ్డ తీసి, కార్బన్లు సర్ది, రోలరు తిప్పింది కామాగారు. పాత స్నేహితురాలి పక్కన కూర్చున్నట్టుంది. మొదటి రెండు వాక్యాలు చదవకుండానే వేళ్లు కొట్టుకుపోయాయి. మూడో వాక్యం దగ్గర ఆగాయి.

అయిదుగురు టైపిస్టులకీ ఒప్పందంలోని ఏడు అంశాల్లోనూ శిక్షణ పూర్తయినదనీ, సోమవారం పరీక్షలో అందరూ నెగ్గిన పక్షంలో తాత్కాలిక ఆపరేటరు సేవలు ఆ సాయంత్రం నుంచే అవసరం లేదనీ, ఎవరైనా తప్పితే మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష ఉంటుంది గనక అంతవరకే ఆమెను కొనసాగించవచ్చుననీ రాసి ఉంది.

కామాగారు మళ్లీ చదివింది. గదిలో అవతలి పక్క ఆపరేటరు వీపు కనిపిస్తోంది. సూపరింటెండెంటు నివేదికే ఏదో కొడుతోంది. ఆమె మీటల చప్పుడు మెత్తగా ఉంది, కామాగారి మిషను చప్పుడు గోడలకి తగులుతోంది. తను కొడుతున్న ఒక్కొక్క అక్షరమూ ఆ వీపుకి వినిపిస్తోందన్నట్టు ఆవిడ మెల్లగా కొట్టసాగింది. "అవసరం" అన్న మాటలో "స" బదులు "వ" పడింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆవిడ నాలుగు కాగితాలూ చించి మళ్లీ ఎక్కించింది.

ఆ మధ్యాహ్నం పాఠానికి తలనొప్పని చెప్పి తప్పించుకుంది. ఆపరేటరు తన సంచిలోంచి మాత్ర తీసి ఇచ్చింది. వేసుకోక తప్పలేదు.

శుక్రవారం తప్పించుకోవడం కుదరలేదు. కొట్టినదాన్ని దిద్దడం, పేరా ఎత్తి మరోచోట పెట్టడం, దాచడం, అచ్చు తియ్యడం, నాలుగూ రెండేసిసార్లు చేయించింది ఆపరేటరు. మౌసు ఇప్పుడు చెప్పినట్టు వింటోంది. విన్నకొద్దీ కామాగారికి గుండెలో బరువు పెరుగుతోంది. తను ఒక్కో మెట్టు ఎక్కుతుంటే ఆ అమ్మాయి కాళ్ల కిందినుంచి ఒక్కో మెట్టు ఊడబీకుతున్నట్టే ఉంది.

"మీరు నెగ్గుతారమ్మా, నాకేం సందేహం లేదు" అంది ఆపరేటరు. "మీదే నాకు బెంగగా ఉండేది. సోమవారం అయిపోతే నేనూ కాస్త తీరిగ్గా మా పాప పని చూసుకోవచ్చు."

"ఏం పని?"

"బడి మారుస్తున్నాం. ఇప్పుడున్నది మా అమ్మ వాళ్లింటి దగ్గర. పాప అక్కడ, నేనిక్కడ. వారానికోసారి చూడ్డమే. సార్‌ని అడిగితే, ఇంకో ఏడాదికి సరిపడా పనుంది, నిక్షేపంగా తెచ్చుకోమన్నారు. ఈ వీధి చివర బడిలో సీటుందన్నారు. ఇవాళ అక్కడి బడికెళ్లి పేరు కొట్టించి బదిలీ కాగితం తీసుకోమని అమ్మకి చెప్పాను."

కామాగారి చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. అక్కడ పేరు కొట్టించి, ఇక్కడ తల్లికి పని పోతే ఆ పిల్ల రెంటికీ చెడుతుంది. ముప్ఫై ఏళ్లలో ఆఫీసు రహస్యం ఒక్కటీ ఆవిడ పెదవి దాటలేదు. హత్య కేసుల తీర్పులు ముందే తెలిసి కూడా భర్తతో అనలేదు.

"ఇవాళే తీసుకోవాలా? రెండ్రోజులు ఆగితే ఏమవుతుంది?"

"ఆగడం దేనికమ్మా?"

"ఊరికే. శుక్రవారం కదా, అక్కడ గుమాస్తా ఉంటాడో ఉండడో."

చెప్పాల్సిన మాట నమిలి మింగేసి ఇంత పనికిమాలిన మాట చెప్పినందుకు ఇంటికెళ్లేదాకా తనని తాను తిట్టుకుంది.

శనివారం ఒంటిపూట. పన్నెండున్నరకి అందరూ వెళ్లిపోయారు. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పుతున్న ఆపరేటరు దగ్గరికి వెళ్లి, కూర్చోకుండానే, ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు కామాతో సహా అప్పజెప్పింది. అప్పజెప్పి, మందు గొట్టం కోసం సంచిలో వెతుక్కుంది.

ఆపరేటరు చేతిలోని గుడ్డ మడత విప్పి, మళ్లీ మడిచింది.

"ఏడాది అన్నారు."

"అన్నాడు. అదే వారంలో ఇదీ రాశాడు."

"మీరెందుకు చెప్పారమ్మా నాకు? తెలిస్తే మిమ్మల్ని ఊరుకోరు."

"నేను కొట్టిన ఉత్తరం అది" అంది కామాగారు. గొట్టం రెండుసార్లు పీల్చి, రెండ్రోజులుగా లోపల తిరుగుతున్న మాట బయటపెట్టింది. "సోమవారం నేను తప్పుతాను. నాకు చేతకావట్లేదని అందరికీ తెలిసిందే. ఎవరికీ అనుమానం రాదు. నీకు మూడు నెలలైనా దొరుకుతాయి."

"వద్దు."

"రికార్డు గది గురించి నువ్వు..."

"వద్దన్నానా" అంది ఆపరేటరు, మొదటిసారి కటువుగా. "ఇంతకుముందు నేను పనిచేసిన ఆఫీసులో ఒకాయన ఇలాగే నా మీద జాలిపడి తప్పాడు. నాకు నేర్పడం రాదని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఎనిమిది నెలలు గుమ్మాలెక్కి దిగాను. మీరు తప్పితే నాకు మూడు నెలలొస్తాయి, ఆ తర్వాత ఇంకెక్కడా పని దొరకదు. మీరు నెగ్గండి. నేను మీకు నేర్పానని ఎవరైనా ఒక్కరు చూడాలి."

గుడ్డ తీసేసి కంప్యూటరు మళ్లీ వెలిగించింది. "కూర్చోండి. పేరా ఎత్తేప్పుడు మీరు ఇంకా తడబడుతున్నారు."

గంటసేపు నేర్పింది. మామూలుగానే నేర్పింది. ఆ గంటలో కామాగారు ఆమె మొహంలోకి ఒక్కసారీ చూడలేకపోయింది.

ఆదివారం ఇంట్లో ఏ పనీ చేతికి అంటలేదు. కొట్టు మూసుకుని భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ తిరుగుడు చూడలేక, పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గళ్లు గీశాడు. విడిగా ఒక చీటీ మీద బాంబులెక్కడున్నాయో గుర్తు పెట్టుకుని, గళ్లన్నిటి మీదా వాచీ అద్దాలుండే చిన్న అట్టపెట్టెల మూతలు బోర్లించాడు.

"నేనే కంప్యూటర్ని. నీకు కావలసిన మూత చూపించు. నేను అంకె చెబుతా."

పావుగంట బాగానే సాగింది. ఆట మధ్యలోనే ఆవిడ అంతా చెప్పేసింది, ఉత్తరమూ, పాపా, ఆపరేటరు వద్దన్నదీ. ఆయన భూతద్దం లేని కంటితో కూడా దగ్గరగా చూసే మనిషి. పక్కకి జరిగిన ఒక మూతని గడిలోకి సర్దాడు.

"ఆ అమ్మాయి వద్దనకపోతే తప్పేదానివా?"

"తప్పేదాన్నేమో."

"ఆ దుమ్ములో?"

ఆవిడ క్యాలెండరు అంచు సరిచేసింది.

"పరోపకారం మంచిదే గానీ, రాత్రిళ్లు నీ ఛాతీకి చెవి ఆనించి ఊపిరి లెక్కపెట్టుకునేది నేను కదా" అన్నాడాయన. కోపంగా అనలేదు. అందుకే ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి. మాట మార్చడానికి ఒక మూత చూపించింది.

"మూడు" అన్నాడు.

"మూడెలా అవుతుందండీ? చుట్టూ మూసినవి రెండే ఉన్నాయి."

"చీటీలో మూడే వచ్చింది."

"మీ చీటీ తప్పు. రెండు గళ్లలో మూడు బాంబులు పట్టవు."

"కంప్యూటరుకే ఎదురు చెబుతున్నావా?"

"లెక్క తప్పితే ఎవరికైనా చెబుతాను."

చీటీ లాక్కుని చూస్తే, ఒక బాంబుని ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒప్పుకోకుండా కాసేపు వాదించాడు. చివరికి వాచీ అయితే ఇలాంటి తప్పు చెయ్యనని గొణిగి, మూతలన్నీ సంచిలో పోసేశాడు.

సోమవారం పదింటికల్లా పరీక్షాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మాటలు తక్కువ. ఒక్కొక్కరినీ పిలిచి ఒక పేజీ తీర్పిచ్చి, కొట్టి, దిద్ది, ఒక పేరా స్థానం మార్చి, దాచి, అచ్చు తీసి ఇమ్మన్నాడు. మెరుపు పదకొండు నిమిషాల్లో ముగించి, సంతకం పెట్టి వచ్చి చేతులు దులుపుకున్నాడు. మిగతా ముగ్గురూ ముక్కుతూ మూలుగుతూ నెగ్గారు. పన్నెండింటికి కామాగారి వంతు వచ్చింది.

మణికట్టు బల్లకి ఆనించింది. కొట్టడం అయింది. దిద్దడం అయింది. పేరా మీదుగా మౌసు లాగి, నలుపు పూసి ఎత్తబోతుంటే సూపరింటెండెంటు దగ్గాడు. వేలు జారింది. పేరా మాయమైంది.

ఛాతీలో సన్నగా కూత మొదలైంది. గది అవతల ఆపరేటరు నిలబడి ఉంది, సాయం చెయ్యకూడదు గనక కిటికీ వైపు చూస్తోంది. ఆ చూపులో తొందర లేదు. కామాగారు మౌసు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని తెరని పైనుంచి కిందికి చదివింది. పైవరసలో, చేసినదాన్ని వెనక్కి తీసుకునే ఆజ్ఞ ఎక్కడుందో గుర్తొచ్చింది. ఊపిరి వదిలి నొక్కింది. పేరా ఎక్కడిదక్కడికి వచ్చింది. ఎత్తి, పెట్టాల్సినచోట పెట్టింది. అచ్చు తీసిన కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే అసలుతో పోల్చుకుని అధికారికిచ్చింది.

ముప్ఫై ఒక్క నిమిషాలు. ఆయన రెండుసార్లు చూశాడు.

"ఒక్క తప్పూ లేదు. ఎవరు నేర్పారు మీకు?"

"ఆవిడే" అని చూపించింది కామాగారు. గొంతు కొంచెం ఎక్కువే లేచింది.

సూపరింటెండెంటు చిరునవ్వుతో ఒక కాగితం, కలం ముందు పెట్టాడు. "ఇక్కడొక సంతకం చెయ్యండి, అయిపోతుంది. అందరూ చేసేశారు."

అచ్చు కాగితం అది. కింది ఏడు అంశాల్లోనూ నాకు పూర్తిగా శిక్షణ ఇచ్చారు, ఇక ఆపరేటరు సాయం అక్కర్లేదు అని ఉంది. కింద వరస సంఖ్యలు. కామాగారు కలం మూత తీసి, అలవాటు ప్రకారం మొదటినుంచి చదివింది. కొట్టడం. దిద్దడం. దాచడం. అచ్చు తీయడం. అయిదు, పట్టికలు వేయడం. ఆరు, పాత ఫైళ్లు కంప్యూటరులో వెతికి తీయడం. ఏడు, ఫైళ్లన్నిటికీ రెండో కాపీ తీసి భద్రపరచడం.

మళ్లీ లెక్కపెట్టింది. గురువారం తను కొట్టిన ఉత్తరంలోనూ ఏడే. అప్పుడు మూడో వాక్యం దగ్గర గుండె ఆగి, ఆ అంకె మీద కన్ను నిలవలేదు. ఇప్పుడు నిలిచింది.

"ఇవి నాలుగే నేర్చుకున్నామండీ" అంది.

"అదంతా లాంఛనం. పెట్టేయండి."

సంతకం పెడితే సాయంత్రం బస్సులో ఇంటికెళ్లిపోవచ్చు. నెగ్గింది కూడా. ఇంకెవరూ ఏమీ అనరు. కలం కాగితానికి తగిలి చిన్న చుక్క పడింది. ఆ చుక్క పక్కనే, అయిదుకీ ఆరుకీ ఏడుకీ ఎదురుగా, "నేర్పలేదు" అని మూడుసార్లు గుండ్రటి అక్షరాల్లో రాసింది. అప్పుడు సంతకం చేసింది.

సూపరింటెండెంటు మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ఇదేమిటి? మిగతా నలుగురికీ లేని పట్టింపు మీకెందుకు?"

"మన విభాగం పనే అది కదండీ. అసల్లో లేనిది నకల్లో ఉందని నేనెన్నడూ సంతకం పెట్టలేదు."

అధికారి కాగితం తీసుకున్నాడు. ఆపరేటరుని పిలిచాడు. ఆమె వచ్చి నిలబడింది.

"ఎన్ని నేర్పారు?"

"నాలుగు సార్."

"మిగతావి?"

"నాకు భోజనాల గంటే దొరికేది సార్. మిగతా టైము నివేదికలకి సరిపోయేది."

"నివేదికలా? ఎవరివి?"

ఆమె సూపరింటెండెంటు వైపు చూసింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఒక్కావిడ సందేహపడుతున్నారు, అంతే" అన్నాడు సూపరింటెండెంటు, అదే నెమ్మది గొంతుతో. "మిగతా నలుగురూ వచ్చని రాసిచ్చారు. వాళ్లు ఈవిడకి నేర్పుకుంటారు. దానికి ఆపరేటరెందుకు?"

అధికారి నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచాడు. నాలుగింటి కిందా సంతకాలున్నాయి. నలుగురు ఒక వైపు, ఒకరు ఒక వైపు. ఆ లెక్క కామాగారికి అర్థమైంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గానీ చూడలేదు. ఎవరినీ బతిమాలి ఎరగదు, ఇప్పుడు మొదలెడితే ఏమని మొదలెట్టాలో తెలియదు. గదిలో ఫంకా తిరుగుతున్న చప్పుడు. అధికారి కాగితాలు ఎత్తబోయాడు.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నాదొకసారి ఇటివ్వండి సార్" అన్నాడు మెరుపు.

అందరూ అటు తిరిగారు. పదిహేనేళ్లుగా తప్పు ఒప్పుకోని ఆ మనిషి ఎవరినీ చూడకుండా నడిచొచ్చి, చెవి వెనక గోక్కుంటూ నిలబడ్డాడు.

"తొందర్లో చదవకుండా పెట్టాను. పట్టిక వెయ్యమంటే నాకు గీత కూడా రాదు. ఈవిడకి నేనేం నేర్పను?" కలం తీసుకుని, "తర్వాత ఈవిడే పట్టుకుంటుంది, ఇప్పుడే దిద్దుకుంటే పోతుంది" అని, మూడు చోట్లా రాసిచ్చాడు.

తతిమ్మా ముగ్గురిలో ఇద్దరు వచ్చి దిద్దారు. ఒకాయన లేవలేదు. అధికారి అయిదు కాగితాలూ ఫైల్లో పెట్టుకుని, శిక్షణ పూర్తి కాలేదని తను రాస్తాననీ, ఇంకో మూడు నెలలు, అదీ ఆఫీసు వేళల్లోనే, రోజుకి రెండు గంటలు నేర్పించాలనీ సూపరింటెండెంటుతో చెప్పి, ఒప్పుకున్నట్టు అక్కడికక్కడే ఆయన సంతకం తీసుకున్నాడు. ఆ సంతకం ఆయన చదివే పెట్టాడు.

అధికారి కారెక్కాక సూపరింటెండెంటు బయటికొచ్చి, రికార్డు గదిలో ఇక నుంచి వారానికో రోజు విభాగం మనిషొకరు కూర్చోవాలన్నాడు. కామాగారితో మొదలెడదామన్నాడు. బుధవారం నుంచి. ఆవిడ సరేనంది. ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలా అని అప్పుడే దిగులు మొదలైంది.

రెండింటికి ఆపరేటరు అయిదో అంశం మొదలుపెట్టింది. అయిదుగురూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మెరుపు మొదటి గీతే వంకరగా వేశాడు. కామాగారు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆపరేటరు కృతజ్ఞతలు చెప్పలేదు, కళ్లతో కూడా. పట్టికలో నిలువు వరసలు ఎలా చేర్చాలో చెబుతూ చెబుతూ గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. పాఠం అయిపోయి, నలుగురూ లేచాక, కామాగారి బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కడ కాగితం తీసుకోలేదమ్మా. శుక్రవారం మీరన్న మాటకి ఎందుకో అమ్మని ఆపేశాను. ఇక్కడి బడివాళ్లు ఇవాళ నాలుగున్నర దాకానే సీటు ఉంచుతామన్నారు. ముందు పేరు రాయిస్తే చాలు, కాగితం తర్వాత ఇవ్వొచ్చట." సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "మూడు నెలలే కదా ఇది. ఆ తర్వాత ఏమిటో తెలీదు. పిల్లని తెచ్చుకోమంటారా?"

కామాగారికి వెంటనే అవునందామనిపించింది. అన్నాక, మూడు నెలలకి ఆ పిల్ల మళ్లీ పెట్టె సర్దుకోవాల్సి వస్తే? వద్దందామా, వారానికోసారి తల్లిని చూసుకుంటూ పెరిగితే? దేనికీ ఆధారం కనిపించలేదు.

"నాకు తెలీదమ్మా" అంది నిజాయితీగా. "ఎటు చూసినా తెలియట్లేదు. నేనైతే తెచ్చుకుంటాను."

ఆపరేటరు తల ఊపింది. గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. విడి కాగితం మీద సాయంత్రం సంతకం పెట్టి, గుమ్మం దాటేదాకా మామూలుగానే నడిచింది.

కామాగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద వీధిలోకి ఆమె వచ్చింది. ఆగి ఉన్న బళ్ల మధ్యలోంచి నాలుగడుగులు నడిచి, సంచిని చంకలోకి దోపుకుని, ఒక్కసారిగా పరుగందుకుంది. జుట్టు ముడి ఊడిపోయినా ఆగలేదు. ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకుంటున్నారు. ఆర్నెల్లుగా మెల్లగా, తొందరపడొద్దని చెబుతూ తిరిగిన ఆ మనిషి వీధి చివరిదాకా పరిగెడుతూనే ఉంది.